తాత వంతు నీళ్లు

అప్పలస్వామి తాతది మందసకు తూర్పున, సముద్రం హోరు వినబడేంత దగ్గరలో ఉన్న ఒక ఉద్దానం ఊరు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఆయన చేసిన పని కొబ్బరిచెట్లెక్కి కాయలు దించడం. కాళ్లకు తాడు బంధం వేసుకుని, మొలలో కత్తి దోపుకుని, ఎండ ముదరకముందే ఒక తోట పూర్తిచేసేవాడట. చెట్టు కొసనుంచి చూస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి కొండ కనిపించేవని, ఆ రెంటి మధ్య తన ఊరు పిడికెడంత ఉండేదని నాతో చెప్పాడు. "ఆ గాలి తగిల్తే ఆకలేసీది కాదమ్మా," అన్నాడు.

నేను ఆ ఊరిదాన్ని కాను. నా పేరు గ్లోరీ. టెక్కలి ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డు నర్సుని. ఆయన నాకు పరిచయమైంది తన జబ్బు వల్ల కాదు, మనవరాలి జబ్బు వల్ల. అయితే ఆ పిల్లకి ఏమైందో అర్థం కావాలంటే ముందు తాతకి ఏమైందో చెప్పాలి.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది ఆయన ఎక్కే తోటలన్నీ నేలకొరిగాయి. ఇంటి చుట్టూ ఎటు చూసినా పడిపోయిన చెట్లే. పనిలేక, పాలుపోక ఇంట్లో కూర్చున్నాడు. ఆ బెంగ తీరకముందే పాదాలు వాచడం మొదలైంది. అన్నం సయించేది కాదు. పలాస తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. మా జిల్లాలో ఆ మాట వినని ఇల్లుండదు, ఉద్దానంలో అయితే ఆ జబ్బు లేని వీధే ఉండదు. కొంతకాలం మందులతో నెట్టుకొచ్చాడు. తర్వాత మందులు చాలలేదు. ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి చిన్న ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి వారానికి రెండు మూడు సార్లు పలాస వెళ్లి, ఆ చేతికి సూదులు గుచ్చించుకుని, డయాలసిస్ యంత్రం పక్కన పడుకుని రావడమే ఆయన బతుకయింది.

డయాలసిస్ మీద ఉన్న మనిషి దాహమేసినన్ని నీళ్లు తాగకూడదు. తాగిన నీళ్లు బయటికి పోవు. ఒళ్లు ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. కొబ్బరినీళ్లయితే అందులోని పొటాషియం వల్ల గుండెకే ముప్పు. లెక్కలేనన్ని బోండాలు దించి జనం దాహం తీర్చిన మనిషి ఒక్క గుక్క కొబ్బరినీళ్లకి కూడా నోచుకోలేదు. ఆయన భార్య చిన్నతల్లి పొద్దున్నే ఒక చిన్న సీసాలో నీళ్లు పోసి గూట్లో పెట్టేది. రోజు మొత్తానికి అంతే.

ఆ సీసాకి కాపలా మనవరాలు సుస్మిత.

ఆయన కొడుకు యువరాజు చెన్నైలో ఇళ్లకి రంగులు వేసే పని చేస్తాడు. కోడలు ఉషారాణి పలాసలో జీడిపప్పు ఏరే పనికి పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం వస్తుంది. అందుకని పిల్ల తాత వెనకే తిరుగుతూ పెరిగింది. ఒకసారి బంధువుల పెళ్లిలో, ఎవరూ చూడకుండా, అప్పలస్వామి తాత ఆపుకోలేక కడుపునిండా చల్లటి నీళ్లు తాగేశాడు. మర్నాటికి ఊపిరాడక గిలగిల్లాడిపోయాడు. అంబులెన్సు వచ్చి ఎక్కించుకుని పోయింది. గుమ్మంలో నిలబడి సుస్మిత అదంతా చూసింది. తాత తిరిగొచ్చాక ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల కాపలా పని నెత్తిన వేసుకుంది. సీసా మూత తీసిన చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

"తాతా! మల్లీ ఎత్తీసినావు సీసా! నాయనమ్మా, సూడే తాతని!"

"గొంతు తడుపుకున్నానే తల్లీ, గుక్కెడే."

"గుక్కెడు కాదు. సూసినాను. నువ్వు నీల్లు తాగీసి సచ్చిపోతావు, అప్పుడు నానేటి సెయ్యాల?"

ఇంట్లో అందరూ నవ్వేవారు. తాత మాత్రం సీసా మూత పెట్టేసేవాడు. చిన్నతల్లి మాట దాటినా మనవరాలి మాట దాటలేకపోయేవాడు. ఆ పిల్లకి ఆయన పెట్టిన పేరు పోలీసమ్మ.

వానలు మొదలైన రోజుల్లో ఉషారాణి తమ్ముడికి కొడుకు పుట్టాడు. బారసాలకి పిల్లని తీసుకుని పుట్టిల్లు నౌపడ వెళ్లింది. ఆమె తండ్రి అక్కడ ఉప్పుమడుల్లో పనిచేస్తాడు. వేడుక బాగానే జరిగింది. మర్నాడు తెల్లవారేసరికి సుస్మితకి విరేచనాలు పట్టుకున్నాయి, వెంట వాంతులు. ఏ నీళ్లలో దోషమో, ఏ తిండిలో దోషమో తెలియదు. ఆ వారం మా వార్డుకి చుట్టుపక్కల ఊళ్లనుంచి అలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు. నీరసంగా ఉంది, పడుకుంటే తగ్గుతుందని కాసేపు చూశారు. పిల్ల కళ్లు గుంటలు పడి, మెడ నిలపలేక వాలిపోయేసరికి ఉషారాణి తమ్ముడు ఆటోలో వేసుకుని టెక్కలి తీసుకొచ్చాడు.

నేనే చేతుల్లోకి తీసుకున్నాను. పొట్టమీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే ఉండిపోయింది. నాలుక ఎండిపోయింది. మా పిల్లల డాక్టరు ప్రదీప్ గారు వెంటనే సెలైన్ పెట్టమన్నారు. నరం దొరకడం కష్టమైంది. రెండు చేతులూ చూసి, చివరికి ఎడమచేతి మీద సూది పెట్టి, కదలకుండా అట్టముక్క కట్టి ప్లాస్టరు వేశాను.

సుస్మిత ఏడవలేదు.

పిల్లల వార్డులో ఏడుపు మాకు చెడ్డ గుర్తు కాదు. తెల్లబట్టలు చూడగానే కెవ్వుమనేవాళ్లు, తల్లి చీరకొంగులో దూరిపోయేవాళ్లు, నా చెయ్యి కొరికినవాళ్లు, అందరూ తెలుసు నాకు. ఏడ్చే పిల్లకి ఇంకా ఓపిక ఉన్నట్టే. ఈ పిల్లకి మొదట్లో ఓపిక లేక ఏడవలేదనుకున్నాను. సెలైన్ ఎక్కేకొద్దీ నాడి కుదుటపడింది, చేతులు వెచ్చబడ్డాయి, కళ్లు తెరిచి చూసింది. అయినా నోరు విప్పలేదు. పైన వేలాడుతున్న సీసావైపు, దాన్నుంచి తన చేతిలోకి వచ్చిన గొట్టంవైపు మార్చి మార్చి చూస్తూ పడుకుంది.

"వాంతులు కట్టాయి కదా, ఇక నోటితో పట్టించండి," అన్నారు ప్రదీప్ గారు. "సెలైన్ మనం ఎక్కించేదే. తను తాగడం మొదలుపెడితేనే పిల్ల లేచి కూర్చుంటుంది."

ఓఆర్ఎస్ కలిపి గ్లాసూ చెంచా ఉషారాణికి ఇచ్చాను. కాసేపాగి వచ్చి చూస్తే గ్లాసు అలాగే ఉంది. పిల్ల పళ్లు బిగించేసింది. చెంచా పెదవికి తగిలితే తల అటు తిప్పేస్తోంది. పోసిన నీళ్లు చెంపమీదనుంచి జారి దిండు తడిసింది.

"తాగే తల్లీ, నీ కాల్లు పట్టుకుంటాను," అంటోంది ఉషారాణి. "ఇంటికాడ సెంబులు సెంబులు తాగీ గుంట, సిస్టరమ్మా. దీనికేటయిందో నాకు తెల్డం నేదు." బతిమాలింది. కోప్పడింది. చివరికి తనే ఏడ్చింది.

మేము పిల్లల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా తల్లుల్ని ఒక మాట అడుగుతాం. ఒంట్లో నీరు నిండుతోందో లేదో తెలిసేది దానివల్లే. "ఉచ్చ పోసిందా?" అని అడిగాను.

"నేదు సిస్టరమ్మా. పొద్దున్నించి సుక్క నేదు."

అప్పుడు నా వేళ్లు సుస్మిత నాడిమీద ఉన్నాయి. ఆ మాట వినగానే నాడి పరుగందుకుంది. నేను ఆ పిల్ల ముఖంలోకి చూశాను. కళ్లు గట్టిగా మూసుకుంది. కుడిచేత్తో అమ్మ చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుంది. ఈ పిల్లని జబ్బొక్కటే కాదు, ఇంకేదో పట్టుకుందని నాకు అప్పుడు అనిపించింది.

ఉషారాణి తడిసిన బట్టలు జాడించడానికి వెళ్లినప్పుడు నేను మంచం మీద కూర్చున్నాను. గ్లాసు దూరంగా పెట్టేశాను.

"తాగమని అడగనులే," అన్నాను. "ఉప్పగా ఉన్నాయా నీళ్లు?"

తల అడ్డంగా ఊపింది.

"కడుపులో నొప్పిగా ఉందా?"

మళ్లీ అడ్డంగా.

"మరి, భయమేస్తోందా?"

తల కదల్లేదు. పెదవులు వణికాయి. ఏడుపు ముఖమే, కానీ కళ్లలో తడి లేదు. కన్నీళ్లకి కూడా ఒంట్లో నీళ్లుండాలి కదా.

"దేనికి భయం? నాకు చెప్పమ్మా."

నేను లేచి వెళ్లిపోతానేమోనని చూసింది. వెళ్లలేదు. వీపు నిమురుతూ కూర్చున్నాను. చాలాసేపటికి, గొంతులోంచి మాట కాదు, గాలి వచ్చినట్టు వచ్చింది.

"నాకూ తాత జబ్బొచ్చీసిందా?"

"తాతకి ఏం జబ్బమ్మా?"

"ఉచ్చ రాదు. సెయ్యికి పైపు పెడతారు. నీల్లు తాగితే ఊపిరాడదు. సచ్చిపోతారు."

నేను ఆ పిల్ల చెయ్యి చూశాను. అదే ఎడమచెయ్యి. ప్లాస్టరు, గొట్టం, పైన సీసా. వచ్చిన ప్రతిసారీ నేను అడిగిన ప్రశ్న. చెంచాతో బలవంతంగా నోట్లో పోయబోయిన నీళ్లు. ఉద్దానంలో పుట్టి, డయాలసిస్ తాత ఒళ్లో పెరిగిన పిల్లకి ఇవన్నీ ఒకచోట కనిపిస్తే ఇంకేమనిపిస్తుంది? పాపం, ఆ పిల్ల మొండికెయ్యలేదు. తన ప్రాణం తాను కాపాడుకుంటోంది. తాతకి చెప్పిన జాగ్రత్తే తానూ పాటిస్తోంది.

"నీకు ఆ జబ్బు లేదు తల్లీ. ఇది వేరు. రెండ్రోజుల్లో తగ్గిపోతుంది," అన్నాను.

"తాతకీ ముందర అలగే సెప్పినారు," అంది సుస్మిత.

నేను లేచి వెళ్లాను. ప్రదీప్ గారికి చెబితే ఆయన చేతిలో పని పక్కన పెట్టి విన్నారు. తనూ వచ్చి మంచం దగ్గర మోకాళ్లమీద కూర్చుని నచ్చజెప్పారు. పిల్ల మర్యాదగా విన్నది, నోరు మాత్రం తెరవలేదు. "మన మాట నమ్మదు గ్లోరీ," అన్నారాయన లేస్తూ. "ఆ తాతని పిలిపించండి. ఆయన చెబితే వింటుందేమో."

ఉషారాణి ఫోన్ చేసింది. ఆ రోజు అప్పలస్వామి తాత పలాసలోనే ఉన్నాడు, డయాలసిస్ మీద. పిల్లకి వినబడేలా స్పీకరు పెట్టాం.

"ఓలే సుస్మీ! ఏటే, నీల్లు తాగట్లేదంట? తాగీ తల్లీ, నీకేటీ కాదు."

ఆ గొంతు వినగానే పిల్ల ముఖం విప్పారింది. అంతలో ఆయన వెనకనుంచి యంత్రం మోగడం మొదలైంది, ఆగకుండా సన్నటి ఈల. సుస్మిత దుప్పటి ముఖంమీదికి లాగేసుకుంది. ఇక ఎంత పిలిచినా పలకలేదు.

తర్వాత ఆయనే అన్నాడు. "ఇది ఫోన్ల అయ్యీ పని కాదు. నానొత్తన్నాను."

"వద్దు మావయ్యా," అంది ఉషారాణి. "మిషను దిగినాక మీరు నడవనేరు. అత్త నన్ను సంపీసిద్ది."

"నడవడానికేటున్నాది? బస్సు నడుత్తాది గదా."

డయాలసిస్ అయిన రోజు మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. తల తిరుగుతుంది, కాళ్లు పీకుతాయి. మామూలుగా ఆయన నేరుగా ఇంటికెళ్లి పడుకుంటాడు. ఆ రోజు పలాసలో టెక్కలి బస్సెక్కాడు. సీటు దొరికేదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మా వార్డు గుమ్మంలో ఒక సన్నటి, పొడుగాటి మనిషి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ముఖం మసిబారినట్టుంది. ఎడమచేతి మీద దూది, ప్లాస్టర్లు. ఎవరో రోగి దారితప్పి వచ్చాడనుకుని పరుగెత్తి స్టూలు వేశాను.

"కూర్చోండి తాతా, కింద పడిపోతారు."

"నా మనవరాలమ్మా, సుస్మిత. ఏ మంచం?"

స్టూలు తానే ఈడ్చుకుంటూ మంచం దగ్గరకు వెళ్లాడు. ఉషారాణి కళ్లు తుడుచుకుని పక్కకి జరిగింది. ఆయన దుప్పటి తీయలేదు. కూర్చుని, కాస్త ఊపిరి తీసుకుని, "పోలీసమ్మా!" అని పిలిచాడు.

దుప్పటి కదిలింది. ముందు కళ్లు బయటికొచ్చాయి. పొద్దుటినుంచి తనంతట తాను ఒక్క మాట మాట్లాడని పిల్ల, తాతని చూడగానే అడిగిన మొదటి మాట ఇది.

"నీల్లు తాగినావా?"

"నేదే. పొద్దున గుక్కెడు. అంతే. ఒట్టు."

అప్పుడు ఆ పిల్ల తన కట్టుకట్టిన చెయ్యి పైకెత్తి చూపించింది. "నాకూ పెట్టీసినారు తాతా."

నేనైతే ఆ క్షణాన గబగబా ఏదో ధైర్యం చెప్పేదాన్ని. ఆయన చెప్పలేదు. ఆ చెయ్యి జాగ్రత్తగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, కాయ ముదిరిందో లేదో చూసినట్టు. తన ఎడమచెయ్యి దాని పక్కన పెట్టాడు. పిల్ల చెయ్యి చిన్న కొమ్మలా ఉంది. ఆయన చేతిమీద నరాలు తాళ్లలా ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి.

"ఇక్కడ సెయ్యెయ్యి," అన్నాడు, ప్లాస్టరు లేనిచోట చూపించి.

వేసింది. ఉలిక్కిపడి తీసేసింది.

"ఏటున్నాది లోపట?"

"గుర్రుమంతంది."

"సెవి పెట్టి ఇను."

పిల్ల కాస్త లేచి ఆయన చేతికి చెవి ఆనించింది. డయాలసిస్ కోసం కలిపిన నాళంలో రక్తం వేగంగా పోతుంటుంది. చెయ్యి వేస్తే తేనెటీగల గూడులా అదురుతుంది, చెవి పెడితే వినబడుతుంది కూడా. సుస్మిత చాలాసేపు విన్నది.

"ఇప్పుడు నీ సెయ్యి ఇను."

పిల్ల తన చేతికి చెవి పెట్టుకుంది. అట్టముక్క అడ్డొస్తే పైన మోచేతి దగ్గర పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి విన్నది.

"ఏటినబడింది?"

"ఏటీ నేదు."

"గుర్రు నేదా? సరిగ్గా ఇను. అక్కడ సెయ్యేసి సూడు."

చూసింది. "నేదు తాతా."

"మరి గుర్రు నేకండా నా జబ్బు నీకెలగొచ్చీసిందే?"

సుస్మిత ఆలోచించింది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తు. ఎవరో చెప్పారని నమ్మడం కాదు, తన చెవితో తాను విని తేల్చుకున్నది. భుజాలు కిందికి దిగాయి. పిడికిట్లో ఉన్న అమ్మ చీర వదిలేసింది.

"మరి నీల్లు?" అంది, ఇంకా అనుమానంగా.

"నాకు లోపలికెల్లిన నీల్లు బయటికి రావు. దారి మూసీసుకుపోనాది. అందుకు తాగకూడదు. నీకేమో ఉన్న నీల్లన్నీ బయటికెలిపోనాయి. లోపట ఏటీ మిగల్లేదు. అందుకు తాగాల. నా జబ్బుకీ నీ జబ్బుకీ పొత్తే నేదు. అర్తమైందా?" కాస్త ఆగి, గ్లాసువైపు చూసి అన్నాడు. "నాకు తాగాలనుంటాది. తాగనేను. ఇయ్యాల నా వంతు కూడా నువ్వే తాగీ."

"నాయనమ్మ తిడితే?"

"మీ నాయనమ్మకి నాను సెప్తాను గానీ, నోరు తెరు."

నోరు తెరిచింది.

ఆయనే చెంచాతో పట్టాడు. ఉషారాణి గ్లాసు పట్టుకుంది. తొందరపెట్టకుండా ఒక చెంచా పోసి, మింగేదాకా ఆగి, ఇంకొకటి. పిల్ల మింగినప్పుడల్లా ఆయన గొంతు ముడి కూడా పైకీ కిందికీ కదిలింది. పెదవులు ఎండి పొక్కులు కట్టి ఉన్నాయి. డయాలసిస్ అయ్యాక నాలుక పిడచకట్టుకుపోతుందని నాకు తెలుసు. ఆయన ఆ గ్లాసుని చూసిన చూపు చూసి నేను అక్కడ నిలబడలేక పక్క మంచం పిల్లాడి సెలైన్ సరిచేసే నెపం మీద తల తిప్పుకున్నాను. గ్లాసు ఖాళీ అయ్యింది. ఇంకో గ్లాసు కలిపి తెచ్చాను. ఆయన తనకని ఒక్క చుక్క అడగలేదు.

"సాలు తాతా, పొట్ట నిండిపోనాది."

"నీ వంతయ్యింది. ఇప్పుడు నా వంతు మొదలు."

పిల్ల నవ్వింది. వార్డులో మిగతా తల్లులు కూడా నవ్వారు. పక్క మంచం ఆవిడ తన కొడుక్కి, "సూడు, ఆ అక్క ఎలగ తాగతందో," అని తన చెంచా ఎత్తింది.

పొద్దు వాలుతుండగా సుస్మిత అమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఉషారాణి ఒక్కసారిగా లేచి, సెలైన్ సీసా ఒక చేత్తో, పిల్లని ఇంకో చేత్తో పట్టుకుని బాత్‌రూమువైపు నడిపించింది. తలుపు అవతలనుంచి ఆమె కేక వినబడింది.

"సిస్టరమ్మా! పోసింది! మావయ్యా, పోసీసింది!"

అప్పలస్వామి తాత స్టూలుమీదనుంచి లేచాడు. కిటికీవైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. తర్వాత నావైపు తిరిగి, తడికళ్లతోనే నవ్వాడు. "ఉచ్చ పోసిందని దండమెట్టినోన్ని ఎక్కడైనా సూసినావా అమ్మా? నాకది ఆగిపోయి ఏల్లయ్యింది. దాని విలవ నాకు తెలుసు."

ఆ పూట ఆయన్ని ఊరికి పంపలేదు. ఉషారాణి తమ్ముడు వచ్చి నౌపడ తీసుకెళ్లాడు. వెళ్లేముందు తాత బయట బెంచీమీద నా పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పాడు. మొదటిసారి డయాలసిస్‌కి వెళ్లినరోజు తాను భయపడ్డానని, మగవాణ్ణి కదా అని ఎవరికీ చెప్పలేదని. చెట్టు మీద ఎంత గాలి వీచినా వెయ్యని భయం ఆ తెల్ల మంచం మీద వేసిందని. "ఈ జబ్బొచ్చినకాడ్నించి ఇంట్లోవోల్లకి బరువైపోనాననుకున్నాను. ఇయ్యాల ఈ సెయ్యి ఒక పన్లోకొచ్చింది. అదే సాలు నాకు." అని తన చేతిని తానే నిమురుకున్నాడు.

సుస్మిత తేరుకుని ఇంటికి వెళ్లింది. జింకు మాత్రలు ఎలా వెయ్యాలో ఉషారాణికి చెబుతుంటే పిల్ల మధ్యలో దూరి, "నాను గుర్తెట్టుకుంటాను," అంది.

ఆ తర్వాత మా వార్డులో ఒక అలవాటు మొదలైంది. ప్రదీప్ గారు నర్సులందరికీ చెప్పారు. మాట్లాడగల పిల్ల ఎవరైనా సరే, సూది పెట్టాక కాసేపు కూర్చుని, నీకేమైందనుకుంటున్నావు అని అడగమని. అడిగేదాకా మాకు తెలియలేదు వాళ్ల తలల్లో ఎన్నెన్ని ఉంటాయో. సంతబొమ్మాళి నుంచి వచ్చిన ఒక బాబు సెలైన్ సీసా ఖాళీ అయితే తన ఊపిరి కూడా అయిపోతుందనుకున్నాడు. సీసా మార్చే ప్రతిసారీ వాడు ఎందుకంత గోల చేశాడో అప్పుడు తెలిసింది. ఒక పిల్ల పక్క తడిపితే సూదులు గుచ్చుతారనుకుని అవస్థ పడింది. మనం దేనికి ధైర్యం చెప్పాలో తెలియకుండా చెప్పే ధైర్యం పిల్లలకి అందదు. అది నాకు నేర్పింది చదువు కాదు, పని కూడా కాదు. ఒక మధ్యాహ్నం నా వార్డుకి వచ్చిన ఆ తాతా మనవరాళ్లు.

కొన్నాళ్లకి అప్పలస్వామి తాత కోడలితో కలిసి వచ్చాడు. సంచిలో రెండు కొబ్బరిబోండాలు, తుఫాను తర్వాత నాటిన చెట్టు మొదటి కాపు. నాకూ డాక్టరు గారికీ తానే చెక్కి ఇచ్చాడు. మేము తాగుతుంటే ఎదురుగా కూర్చుని, "తియ్యగున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. తృప్తిగా తల ఊపాడు. పలాసలో ఇప్పుడు ఆయన మంచం పక్కకి కొత్తగా ఎవరొచ్చినా, ముందు వాళ్లకి, "బయమేత్తే బయమేత్తందని సెప్పండి, సిగ్గు నేదు," అంటాడట. ఉషారాణి చెప్పింది.

మాది బాప్టిస్టు సంఘం. ఆ ఏడాది చర్చిలో జరిగిన కృతజ్ఞతా కూడికలో, ఎవరెవరికి ఏ మేలు జరిగిందో లేచి చెప్పమన్నప్పుడు నేనూ లేచాను. ఆయన పేరు, ఊరు చెప్పి, ఆయన చేసింది చెప్పి, ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థన చెయ్యమన్నాను. అందరూ తలలు వంచారు. తర్వాతిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆ సంగతి చెప్పాను. ఆయన అడిగాడు.

"ఊరి పేరు కూడా సెప్పినావా అమ్మా? అప్పలస్వామిలు మా మండలంల సానామందున్నారు."

"చెప్పాను తాతా. ఇంటిపేరు కూడా చెప్పాను," అన్నాను.

"అలగైతే అందుతాది," అన్నాడు.